అక్క కొడుకు ఐస్ హాకీ వీడియో పంపింది, నిజంగా పనికొస్తాడా చెప్పండబ్బా

కాడుబీసనహళ్ళి_కర్నూలోడు · శనివారం, ఉదయం 9:40

అన్నలూ, అక్కలూ, ఒక సాయం చేయల్ల. ఐస్ హాకీ సంగతి. నవ్వొద్దు.

మా అక్కావాళ్ళు కాల్గరీలో ఉంటారు. మేనల్లుడికి పద్నాలుగు, ఈ నవంబర్‌కి పదిహేను నిండుతాయి. యూ15లో, అంటే పదిహేనేళ్ళలోపు పిల్లల జట్టులో, రైట్ వింగ్ (కుడివైపు నుంచి దాడి చేసేవాడు) ఆడతాడు. వచ్చే మే నెలలో డబ్ల్యూహెచ్‌ఎల్ అని అక్కడి జూనియర్ లీగ్ డ్రాఫ్ట్ ఉంది, సరిగ్గా వీడి ఈడు పిల్లల్నే ఏరుకుంటారు. బావేమో స్ప్రింగ్ క్యాంపులకు ఇంకా డబ్బు పెడదాం అంటున్నాడు. అక్కకు అనుమానం. "నువ్వు పొద్దున్నే లేచి ఆ హాకీ చూస్తా ఉంటావు కదరా, వీడిలో సరుకు ఉందో లేదో నిజం చెప్పు" అని నా నెత్తిన పెట్టింది.

మూడు నిమిషాల వీడియో పంపింది. పదకొండు గోల్స్, వెనక పాట. నాకైతే బ్రహ్మాండంగా కనిపించినాడు. కానీ నేను మేనమామని, నా మాట చెల్లదు. లింక్ కింద పెట్టినా. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 118 పౌండ్లు. చూసి చెప్పండి.

గుంటూరు_టు_హెచ్ఎస్ఆర్ · 9:52

మాకు గోలీ అంటే మీ గోల్ కాసేవాడు కాదు, గోలీ సోడానే అండీ. అయినా చూశా. బుడ్డోడు జారకుండా నిలబడ్డాడు, అదే నాకు ఆశ్చర్యం. నేను కోరమంగళలో తడిసిన టైల్స్ మీద నిలబడలేను.

తెల్లారి_అయిదు · 10:15

కర్నూలన్నా, ఏమీ అనుకోకు. కాకి పిల్ల కాకికి ముద్దు. గోల్స్ మాత్రమే ఏరి అతికించిన వీడియో పెళ్ళిచూపుల ఫోటో లాంటిది. దాన్ని చూసి సంబంధం ఖాయం చేసుకోం కదా. పూర్తి మ్యాచ్ కావాలి, అందులోనూ ఓడిపోయిన మ్యాచ్ అయితే ఇంకా మేలు.

ఇంకోటి. నవంబర్‌లో పుట్టాడన్నావు కదా, అది నాకు అన్నిటికన్నా పెద్ద విషయం. అక్కడ వయసు లెక్క జనవరి 1 నుంచి. అంటే వీడితో కలిసి ఆడే జనవరి పిల్లోడు వీడికన్నా పది నెలలు పెద్ద. పద్నాలుగేళ్ళప్పుడు పది నెలలంటే మీసం వచ్చినోడికీ రానోడికీ ఉన్నంత తేడా. కెనడా జూనియర్ లీగుల్లో ఏడాది మొదట్లో పుట్టినవాళ్ళే ఎక్కువ ఉంటారని బార్న్స్లీ అనే ఆయన 1985లోనే లెక్కలేసి చూపించాడు. మన ఇళ్ళలో నక్షత్రం అడుగుతారు, హాకీలో నెల అడగాలి. వీడు వెనకబడ్డట్టు కనిపిస్తే అందులో కొంత క్యాలెండర్ వాటా.

వరంగల్_వైట్‌ఫీల్డ్ · 10:31

నెల సంగతి సరే. కానీ ప్రతి తల్లీదండ్రీ ఏదో ఒక సాకు వెతుక్కుంటరు. లేటుగ పుట్టిండు, లేటుగ పెరుగుతడు, కోచ్ మంచోడు కాదు. నేనైతే మస్తు డౌటుగ ఉన్నా. వీడియోల వాడు కొట్టిన గోల్స్‌ల సగానికి గోలీ ఆల్రెడీ పడిపోయి ఉన్నడు.

గోలీ_కళ్ళు · 11:04

పరిచయం: అనంతపురం, ఇప్పుడు బన్నేరుఘట్ట రోడ్. తొమ్మిదేళ్ళు ఇన్‌లైన్ హాకీలో, అంటే చక్రాల స్కేట్ల మీద ఆడేదాంట్లో, గోల్ కాసాను. ఐస్ మీద మాత్రం రెండు వారాలే నిలబడ్డాను, అది ముందే చెప్పేస్తున్నా. ఇన్‌లైన్‌లో నలుగురే స్కేటర్లు, ఆఫ్‌సైడ్ గొడవ లేదు, ఒంటిమీదికి వచ్చి గుద్దడం లేదు. కాబట్టి నా మాటలో ఉప్పు కొంచెం తక్కువే ఉంటుంది.

అయినా షాట్లు చూడటం నా పని. పదకొండు గోల్స్‌లో ఎనిమిది నేలబారుగానే పోయాయి. మిగతా మూడూ మోకాలి ఎత్తు దాటలేదు. చేతులు మాత్రం బంగారం. నాలుగో గోల్ మళ్ళీ చూడండి: కొట్టేముందు పక్‌ని (ఆ నల్ల రబ్బరు బిళ్ళని) ఓ అడుగు తనవైపు లాక్కున్నాడు. ఆ ఒక్క అడుగుతో కోణం మారిపోయింది, గోలీ పాత కోణంలోనే ఉండిపోయాడు. ఇది ఎవరో నేర్పితే వచ్చేది కాదు, వాడికి గోలీ మోకాళ్ళు కనిపిస్తున్నాయి.

ఇంత చేతి నేర్పు ఉన్నోడికి పక్ పైకి ఎందుకు లేవట్లేదు? నాకు అంతు చిక్కలేదు. బలం లేదనుకుంటే సరిపోతుంది, కానీ ఆ అబ్బాయి అంత బలహీనంగా ఏం లేడు. పూర్తి మ్యాచ్ దొరికితే పెట్టన్నా.

కాడుబీసనహళ్ళి_కర్నూలోడు · మంగళవారం, మధ్యాహ్నం 1:20

దొరికింది. ఈ పొద్దు మ్యాచ్‌ని లైవ్‌లోనే చూసినా. అక్కడ సోమవారం రాత్రి ఏడు, మనకు పొద్దున ఏడున్నర. ఎలక్ట్రానిక్ సిటీ క్యాబ్‌లో కూర్చొని మొదలుపెడితే, మొదటి పీరియడ్ అయ్యేసరికి ఇంకా సిల్క్ బోర్డ్ దగ్గరే ఉన్నాం. ట్రాఫిక్‌కి మొదటిసారి దండం పెట్టుకున్నా. 5-2తో ఓడిపోయినారు, తెల్లారి అన్న కోరిక తీరింది.

నోట్‌బుక్‌లో రాసుకున్నవి:

పక్ వీడి దగ్గరికి వచ్చింది 19 సార్లు. రాకముందే భుజం మీంచి వెనక్కి చూసుకున్నది 4 సార్లు. మిగతా 15 సార్లూ పక్ మీదే కళ్ళు.

ఐస్ మీద ఒక్కో షిఫ్టు (బెంచ్ మీంచి దిగి మళ్ళీ బెంచ్‌కి పోయేదాకా) ఎంతసేపు ఉన్నాడో ఫోన్‌లో కొలిచినా. జట్టులో తక్కినోళ్ళు 40, 45, 50 సెకన్లు. వీడు నాలుగుసార్లు 70 దాటించినాడు. ఒకసారి 84.

రెండో పీరియడ్‌లో ఒకటి జరిగింది, అది చూసి నా గుండె జారింది. వీళ్ళ డిఫెన్స్ పిల్లోడు బోర్డు (రింక్ చుట్టూ ఉండే గోడ) వెంబడి పక్ చుట్టి పంపినాడు. వీడు గోడ దగ్గర, గోడకు రెండు మూడు అడుగుల ఎడంగా, వీపు మైదానం వైపు తిప్పి నిలబడి ఉన్నాడు. అవతలి జట్టు డిఫెన్స్‌లోంచి ఒక పొడుగోడు ముందుకు దూసుకొచ్చినాడు. వీడు చూసుకోలే. పక్ స్టిక్‌కి తగిలిన క్షణమే వాడొచ్చి తగిలినాడు. వీడి భుజం, హెల్మెట్ గోడకు కొట్టుకున్నాయి. పక్ వాళ్ళ చేతికి పోయింది, గోల్. అక్క వాట్సాప్‌లో ఏడుస్తా ఉంది.

కానీ లేచినాడబ్బా. రిఫరీ వైపు కూడా చూడలే. నేరుగా పోయి గోల్ ముందర కర్ర అడ్డం పెట్టినాడు. ఆలస్యమైపోయింది గానీ పెట్టినాడు.

తెల్లారి_అయిదు · 2:05

అన్నా, నువ్వు స్కౌట్ అయిపోయావు.

ఆ గోడ దగ్గర ఘట్టమే వింగర్‌కి అసలు పరీక్ష. గోల్ కొట్టడం కాదు. తన జోన్‌లో (తన గోల్ వైపు భాగంలో), పక్కగోడ మధ్యభాగం దగ్గర, బోర్డు వెంబడి వచ్చే పక్‌ని పట్టుకుని లేదా తట్టి, మధ్యలోంచి వచ్చే సెంటర్ ఆటగాడికి అందించగలడా? పైలీగుల్లో కోచ్ నమ్మకం సంపాదించేది అక్కడ. దానికి ఒకే మందు: పక్ వచ్చేలోపు రెండుసార్లు తల తిప్పడం. ఎవరొస్తున్నాడో తెలిస్తే పక్ పట్టుకోవాలా, గోడకే కొట్టి బయటికి పంపాలా అని ముందే తేల్చుకోవచ్చు.

ఆ నాలుగుసార్లు చూసుకున్నప్పుడు ఏమైందో రాసుకున్నావా?

కాడుబీసనహళ్ళి_కర్నూలోడు · 2:11

రాసుకున్నా. మూడుసార్లు పక్ శుభ్రంగా బయటికి పోయింది. అందులో ఒకటి అవతలోడి కర్ర మీంచి గాల్లో లేపి, వెనకచేత్తో, సెంటర్ కర్ర మీద దించినాడు. క్యాబ్‌లో నేను "అబ్బా" అన్నా, పక్కనాయన ఉలిక్కిపడి లేచినాడు.

గోలీ_కళ్ళు · 2:30

చూశారా. పాస్ గాల్లోకి లేపగలిగినోడు షాట్ లేపలేడా? ఎక్కడో ఏదో తేడా కొడుతోంది.

మాజీ_ఫౌజీ_లేహ్ · 4:48

నమస్కారం. ప్రకాశం జిల్లా, సైన్యంలో పనిచేసి వచ్చాను, ఇప్పుడు యలహంకలో ఉంటున్నాను. లేహ్‌లో రెండు చలికాలాలు గడిపాను. అక్కడ కార్జూ చెరువు గడ్డకడితే జనమంతా గట్టు మీదే. మనదేశంలో ఈ ఆటకి ఐటీబీపీ జట్టు, లద్దాఖ్ స్కౌట్స్ జట్టు పెద్ద పేర్లు. మొన్న 2025లో మన ఆడపిల్లల జట్టు ఆసియా-ఓషియానియా పోటీలో కంచు పతకం తెచ్చింది, అందులో లద్దాఖ్ పిల్లలే ఎక్కువ.

నేను గమనించింది ఒకటి చెప్తాను. అక్కడి పిల్లలు సహజమైన మంచు మీద నేర్చుకుంటారు. గతుకులుంటాయి. పక్ ఎగురుతుంది. దానివల్ల చేతులు మెత్తగా తయారవుతాయి, కానీ తల కిందికే ఉంటుంది. తల ఎత్తితే పక్ పోతుంది కనుక. నున్నటి రింక్ మీద ఆడే పిల్లాడికి తల దించే అవసరం లేదు. మీ అబ్బాయి తల దించుతున్నాడంటే అది భయమా, అలవాటా చూడండి. మొదటిదైతే కష్టం, రెండోదైతే ఆరు నెలల పని.

దెబ్బ సంగతి: గోడకు ఆనుకుని ఉంటే గోడే మోస్తుంది. రెండడుగుల దూరంలో ఉంటేనే మెడకు ప్రమాదం. ఇది ముందు చెప్పండి, డ్రాఫ్ట్ తర్వాత.

సర్జాపుర_అమ్మ · 6:20

ఫౌజీ గారూ, మీరు చెప్పిన చివరి మాట ఆ అక్కయ్యకి ఇవాళే చేరాలి.

మా పాప ఇన్‌లైన్ ఆడుతుంది, పన్నెండేళ్ళు. నాకు పెద్ద వ్యూహాలు తెలియవు. కానీ ఆదివారాలన్నీ రింక్ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పిల్లల కాళ్ళే చూస్తాను, ఇంకేం పని. ఈ అబ్బాయి ఎడమవైపు తిరిగినప్పుడు కాలు మీద కాలు వేసి చక్కగా తిరుగుతున్నాడు. కుడివైపు అయితే అడుగు వేయకుండా జారుతూ వెళ్ళిపోతున్నాడు. మోకాళ్ళు వంచట్లేదు, నిటారుగా ఉంటున్నాడు. మొదటి మూడడుగులు మందం.

మూడో పీరియడ్‌లో బెంచ్ దగ్గర కెమెరా దగ్గరగా వచ్చింది చూడండి. ఆపి చూడండి. కాలు తోసినప్పుడు కుడి మడమ బూటులో లేస్తోంది. స్కేట్ వదులు! మా పాపకి నేను చేసిన తప్పే ఇది. పెరుగుతుంది కదా అని ఒకటిన్నర సైజు పెద్దవి కొన్నాను. ఏడాదంతా కోచ్ మోకాళ్ళు వంచు, మోకాళ్ళు వంచు అని అరిచాడు. వదులు బూటులో మోకాలు వంచితే చీలమండ పక్కకి పడిపోతుంది, ఎలా వంచుతుంది పిచ్చిది? హాకీ స్కేట్లు మామూలు బూట్ల కన్నా ఒక సైజు, ఒక్కోసారి ఒకటిన్నర తక్కువే ఉండాలి.

గోలీ_కళ్ళు · 6:34

అమ్మా, మీకు వంద దండాలు. కర్నూలన్నా, ఒక్క ప్రశ్న. ఆ పిల్లోడి స్టిక్ మీద ఒక నంబరు ఉంటుంది. ఫ్లెక్స్, అంటే కర్ర ఎంత బిగువో చెప్పేది. ఎంతో అడిగి చెప్పు.

వరంగల్_వైట్‌ఫీల్డ్ · 7:10

అందరు కలిసి పిల్లగాన్ని బూట్ల మీద, కర్ర మీద తోసి కాపాడుతున్నరు. నా మాట గూడ వినుండ్రి. 5 అడుగుల 4 అంగుళాలు. యూ13 దాంక కెనడాల బాడీ చెకింగ్ లేదు, 2013 నుంచి తీసేసిండ్రు. గుద్దుడు నిరుడే మొదలైంది వీడికి. అంటే వాడి పాత గోల్స్ అన్ని ఎవరు గుద్దని రోజులయి. అసలు ఆట ఇప్పుడే షురూ.

ఇంగ మీరు చిన్నోళ్ళు గెలిచిన కథలు చెప్తరు. తెలుసు నాకు.

తెల్లారి_అయిదు · 7:41

చెప్పకుండా ఉంటానా. లేన్ హట్సన్. 2022లో ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద లీగ్) డ్రాఫ్ట్‌లో మాంట్రియల్ 62వ నంబర్‌లో తీసుకుంది, చిన్నోడు, డిఫెన్స్‌లో ఎలా నిలబడతాడు అన్నారు. 2024-25లో 60 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు), రూకీ, అంటే కొత్త డిఫెన్స్ ఆటగాళ్ళ రికార్డుతో సమానం, మేటి కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ. ఆ జట్టు కోచ్ మార్టిన్ సెయింట్ లూయీని అసలు ఎవరూ డ్రాఫ్టే చేయలేదు, ఆయన 2004లో లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కొట్టాడు. డాట్సుక్ అనే మేటి ఆటగాణ్ణి 1998లో 171వ నంబర్‌లో తీసుకున్నారు. అటు చూస్తే 2012లో మొట్టమొదట తీసుకున్న యాకుపోవ్ 2018కల్లా ఎన్‌హెచ్‌ఎల్ వదిలి రష్యా వెళ్ళిపోయాడు.

వరంగల్_వైట్‌ఫీల్డ్ · 7:55

గెలిచిన చిన్నోళ్ళ పేర్లు మూడు చెప్పినవ్. పోయిన చిన్నోళ్ళ పేర్లు ఎవనికి గుర్తుండయి కాబట్టి చెప్పలేవ్. గదే నా పాయింట్. హట్సన్ చిన్నగ ఉండి గెలవలే అన్నా, అంత చిన్నగ ఉన్నా దొరకనంత తెలివిగ తల తిప్పుతడు కాబట్టి గెలిచిండు. మన పిల్లగాడు 19ల 4 సార్లు చూసిండు. చిన్నోనికి చూసుడు ఇంకా ఎక్కువ కావాలె, తక్కువ కాదు.

తెల్లారి_అయిదు · 8:02

ఒప్పుకున్నా. ఈ రౌండు నీదే.

గుంటూరు_టు_హెచ్ఎస్ఆర్ · 8:09

కెనడాలో పంజాబీలో హాకీ కామెంటరీ 2008 నుంచి ఉందంట కదండీ. మన బుడ్డోడు పైకొస్తే తెలుగు కామెంటరీ నేను చెప్తా. "గోడకేసి బాదాడు, బాదాడండీ, పాపం చూసుకోలేదు, వాళ్ళమ్మ ఎక్కడో ఏడుస్తోంది..."

సర్జాపుర_అమ్మ · 8:15

బాబూ, ఆ తల్లి ఇది చదువుతుందేమో.

గుంటూరు_టు_హెచ్ఎస్ఆర్ · 8:17

సారీ అక్కా.

తెల్లారి_అయిదు · 8:40

పంజాబీ అంటే గుర్తొచ్చింది. అర్ష్‌దీప్ బైన్స్, కెనడాలోని సర్రీ ఊరి కుర్రాడు. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2021-22లో రెడ్ డీర్ జట్టు తరఫున 112 పాయింట్లతో (గోల్స్, అసిస్టులు కలిపి) డబ్ల్యూహెచ్‌ఎల్ మొత్తానికీ మొదటివాడు. అప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ సంతకం పెట్టించుకుంది. కాబట్టి మే నెల ఒక తలుపు మాత్రమే. అందులో పేరు రాకపోయినా జట్లు తర్వాత లిస్టులో చేర్చుకోవచ్చు. అక్కకి చదువు బెంగ ఉంది కదా, అదీ చెప్పు: డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక్కో ఏడాది కాలేజీ స్కాలర్‌షిప్ ఇస్తారు. పైగా 2025 ఆగస్టు నుంచి అక్కడ ఆడినోళ్ళకి అమెరికా కాలేజీ హాకీ తలుపులు కూడా తెరిచారు, ముందు మూసి ఉండేవి. చదువా ఆటా అని ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు.

కాడుబీసనహళ్ళి_కర్నూలోడు · బుధవారం, ఉదయం 8:30

రాత్రి గంటన్నర ఫోన్. ముందు గోడ సంగతి చెప్పినా. ఫౌజీ సార్ మాట యథాతథంగా చదివి వినిపించినా, అక్క రాసుకుంది.

తర్వాత స్టిక్ నంబరు. 75.

గోలీ_కళ్ళు · 8:36

అనుకున్నా! 118 పౌండ్ల పిల్లోడికి 75 ఏంటన్నా? అందరూ వాడే మోటు లెక్క: బరువులో సగం. అంటే 60 దగ్గర ఉండాలి. కర్ర వంగి, తిరిగి సాగినప్పుడే పక్ ఎగురుతుంది. వీడు ఎంత ఆనినా అది వంగదు, రోకలితో కొట్టినట్టే. పాస్‌కి కర్ర వంగే పని లేదు, అందుకే పాస్ లేచింది, షాట్ లేవలేదు. పొడవు ఏమైనా కోసారా?

కాడుబీసనహళ్ళి_కర్నూలోడు · 8:44

రెండంగుళాలు కోసినారంట. బావ "పెద్దాడయ్యాక కూడా పనికొస్తుంది" అని పెద్దోళ్ళ కర్ర కొన్నాడు, మూడొందల డాలర్ల పైనే. స్కేట్లు కూడా అంతే, అమ్మ గారూ, మీరన్నట్లే సైజు పెద్దవి. చిన్నప్పుడు మాకు యూనిఫాం రెండేళ్ళకు సరిపడా కుట్టించేవాళ్ళు కదా, నిక్కరు మోకాళ్ళ కిందికి. మా బావ కాల్గరీకి పోయినా ఆ టైలర్‌ని వదల్లేదు.

గోలీ_కళ్ళు · 8:49

కోస్తే ఇంకా బిగుసుకుపోతుంది. 75 కాస్తా 80 పైకి పోయి ఉంటుంది. ఆ కర్రతో పదకొండు గోల్స్ కొట్టాడా! నా అభిప్రాయం మార్చుకుంటున్నా, పైకే.

వరంగల్_వైట్‌ఫీల్డ్ · 9:20

సరే, కర్ర, బూట్లు బావ తప్పు. నేను గూడ మానవుణ్ణే, ఒప్పుకుంటున్న. కానీ 84 సెకన్ల షిఫ్టుకి ఏ దుకాణంల మందు దొరుకుతది? అది స్వార్థం. ఇంకో గోల్ కొడితే వీడియోల పడ్తది అని ఐస్ దిగుతలేడు. ఊపిరి అయిపోయినంక గోడ కాడ తల ఎట్ల తిప్పుతడు? ఆ దెబ్బ తగిలిన షిఫ్టు ఎంతసేపటిది, చూసి చెప్పన్నా.

కాడుబీసనహళ్ళి_కర్నూలోడు · 9:41

ఇప్పుడే మళ్ళీ కొలిచినా.

71వ సెకను.

తెల్లారి_అయిదు · 9:43

వరంగలన్నా, నువ్వు ఏం పని చేస్తావు అసలు?

వరంగల్_వైట్‌ఫీల్డ్ · 9:50

ప్రొడక్షన్ సపోర్ట్. లాగ్స్ చూస్త.

మాజీ_ఫౌజీ_లేహ్ · 11:15

అబ్బాయిని తప్పుపట్టే ముందు ఒక మాట. ఇంట్లో గోల్స్ మాత్రమే కత్తిరించి పాట పెట్టి అందరికీ పంపుతుంటే, పిల్లాడు గోల్ కోసమే ఐస్ మీద ఉంటాడు. ఆ గాల్లో లేపిన పాస్ ఎవరైనా కత్తిరించి పంపారా?

కాడుబీసనహళ్ళి_కర్నూలోడు · గురువారం, ఉదయం 7:05

లేదు సార్. అందుకే రాత్రి నేనే కత్తిరించినా. మొత్తం 22 సెకన్లు. పాట లేదు. మొదట భుజం మీంచి చూసేది, తర్వాత పాస్, తర్వాత వాడు బెంచ్‌కి పోయి కూర్చునేది, ఆ షిఫ్టు 43 సెకన్లే. ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టినా. కర్నూలులో మా అమ్మ "గోల్ యాడరా?" అని అడిగింది.

వాడు మాత్రం నాకు విడిగా మెసేజ్ పెట్టినాడు, వాడి వచ్చీరాని తెలుగులో: "మామా, ఇది నువ్ ఎట్లా చూసినావ్? మా కోచ్ కూడా ఇదే ప్లే ఆపి చూపించాడు."

డ్రాఫ్ట్ గురించి అక్కకు నేను చెప్పింది ఇది: చేతులు, ఆట కనిపెట్టే చూపు ఉన్నాయి, కాళ్ళ సంగతి బూట్లు మార్చి మూడు నెలలు చూస్తే గానీ తెలీదు, తల తిప్పకపోతే పైలీగుకి పంపడం నాకే భయం. ఈ మే నెలకి పేరు వస్తుందని నేను అనుకోవడం లేదు, ఆ మాట కూడా దాచలేదు. క్యాంపు డబ్బుల్లో సగం స్కేట్లకు, 60 ఫ్లెక్స్ కర్రకు, మిగతా సగం స్కేటింగ్ మాత్రమే నేర్పే కోచ్‌కి పెట్టమన్నా. బావ రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు.

సర్జాపుర_అమ్మ · 7:30

స్కేట్లు కొనేటప్పుడు బాబుని కొట్టుకి తీసుకెళ్ళమనండి, సాయంత్రం పూట, పల్చటి సాక్స్‌తో. లేసులు కట్టాక మడమ ఒక్క చుక్క కూడా లేవకూడదు. బావగారిని మాత్రం ఇంట్లోనే ఉంచమనండి.

గోలీ_కళ్ళు · 7:52

తర్వాతి మ్యాచ్ ఎప్పుడన్నా? ఈసారి నేను గోడ దగ్గర తల తిప్పుళ్ళు లెక్కపెడతా, వరంగలన్న షిఫ్టులు కొలుస్తాడు, నువ్వు ఊరికే మామలాగా చూడు.

కాడుబీసనహళ్ళి_కర్నూలోడు · 8:10

శనివారం రాత్రి వాళ్ళకి, ఆదివారం పొద్దున ఏడున్నర మనకి. సిల్క్ బోర్డ్ ఖాళీగా ఉంటది, ఇంట్లోనే చూడల్ల.